ఎక్స్‌రే లక్షణాలను బట్టి ఇంప్లాంట్ పేరు చెప్పే సేవ: ఏడాదిన్నర వాడిన తరువాత

డెబ్బై ఏళ్లు దాటిన ఒక పెద్దావిడ, ఎడమవైపు కింది దవడ పన్ను ఊగుతోందని మా క్లినిక్‌కు వచ్చారు. ఊగుతున్నది సొంత పన్ను కాదు, పద్నాలుగేళ్ల కిందట ఇంకో ఊళ్లో పెట్టించుకున్న ఇంప్లాంట్ (పంటి వేరుకు బదులు దవడ ఎముకలో దించే లోహపు మేకు) మీది క్యాప్. పెట్టిన డాక్టరు గారు ప్రాక్టీసు మానేశారు, కాగితాలు ఇల్లు మారినప్పుడు ఎక్కడో పోయాయి. ఏ కంపెనీదో గుర్తుందా అమ్మా అని అడిగితే, "మంచిదే వేస్తున్నామన్నారు బాబూ, పేరేమిటో నేను అడగలేదు, వాళ్లూ చెప్పలేదు" అన్నారు.

ఎక్స్‌రేలో ఇంప్లాంట్ చుట్టూ ఎముక దిట్టంగా ఉంది. ఇంప్లాంటే ఎముకలో కదిలిపోయి ఉంటే దాని ఒడ్డున నల్లటి గీత కనిపించేది. ఇక్కడ ఆ నలుపు ఇంప్లాంట్‌కూ, దాని మీద కూర్చుని క్యాప్‌ను మోసే అబట్‌మెంట్‌కూ మధ్య వెంట్రుకవాసి సందులా కనిపించింది. అంటే వదులైంది లోపలి స్క్రూ. స్క్రూ బిగించడం పది నిమిషాల పని. దానికి పట్టే డ్రైవర్ ఏది, స్క్రూ అరిగిపోయి ఉంటే బదులుగా ఏ కంపెనీది తెప్పించాలి అన్న రెండు ప్రశ్నలకు జవాబు దొరకడానికి మాత్రం రోజులు పడుతుంది. ప్రపంచంలో వందల రకాల ఇంప్లాంట్లు అమ్ముడవుతున్నాయి, ఒకదాని స్క్రూ మరొకదానికి పట్టదు, పట్టినట్టు కనిపించినప్పుడైతే ఇంకా ప్రమాదం.

ఇలాంటి సందర్భాల కోసం ఏడాదిన్నరగా ఒక గుర్తింపు సేవను వాడుతున్నాను. దాని పేరు ఇక్కడ రాయడం లేదు. ఇదే పద్ధతిలో నడిచేవి మరికొన్ని ఉన్నాయి, నేను చెప్పబోయే మంచి చెడ్డలు చాలావరకు ఆ పద్ధతివే. ఎక్స్‌రేను పక్కన పెట్టుకుని కూర్చుంటే ఆ సేవ ఒక్కొక్క ప్రశ్నే అడుగుతుంది: మెడ (ఇంప్లాంట్ పై భాగం) ఎముకకు పైన ఉందా, సమంగా ఉందా, అబట్‌మెంట్ ఇంప్లాంట్ పైన కూర్చుందా, లోపలికి దిగిందా, ఒళ్లు నిటారుగా ఉందా, కిందకు సన్నబడిందా, థ్రెడ్లు (మరమేకు మీది చుట్టల్లాంటివి) ఉన్నాయా, ఉంటే ఏ ఆకారంలో ఉన్నాయి, కొన గుండ్రమా, చదునా, అక్కడ రంధ్రం గానీ గాడి గానీ ఉందా. జవాబు ఇచ్చిన కొద్దీ జాబితా కుదించుకుపోతుంది, చివరకు మిగిలిన వాటికి నమూనా ఎక్స్‌రేలు చూపిస్తుంది. చూడటానికి చాలా సాదా ఏర్పాటు. నా లెక్కలో దీనికి ఉన్న అతి పెద్ద గుణం ఆ సాదాతనమే, ఎందుకంటే అది మన చేత చూపు పని చేయిస్తుంది. అంతకుముందు నేను ఇంప్లాంట్ ఎక్స్‌రేను చూసేది ముఖం చూసినట్టు, ఒక్క చూపులో మొత్తంగా; "ఇది ఫలానాలా ఉంది" అనిపించేది, ఎందుకు అనిపించిందంటే చెప్పలేకపోయేవాణ్ని.

ప్రశ్నల వరుస కూడా తెలిసినవాళ్లు పెట్టిందే. మెడతో మొదలుపెట్టడం సరైన పని, ఎందుకంటే తప్పు పోవడానికి అక్కడ అవకాశం తక్కువ, జాబితా కుదించుకుపోయేది మాత్రం చాలా ఎక్కువ. 1970లలో బెర్న్‌లో ఆంద్రే ష్రోడర్ బృందం స్ట్రామన్ సంస్థతో కలిసి రూపొందించిన ఇంప్లాంట్లకు థ్రెడ్లు లేని నున్నటి మెడ ఉంటుంది, అది చిగురు గుండా పైకి వస్తూ పువ్వు విచ్చినట్టు వెడల్పవుతుంది. ఆ మెడ ఎత్తు ఒక రకంలో 2.8 మిల్లీమీటర్లు, మరో రకంలో 1.8 మిల్లీమీటర్లు, మామూలు సైజులో పై అంచు వెడల్పు 4.8 మిల్లీమీటర్లు. ఎక్స్‌రేలో ఎముక గీతకు పైన, థ్రెడ్లు లేకుండా, బయటకు ఒరిగిన తెల్లటి మెడ కనిపించిందంటే సగం జాబితా అక్కడే పోయినట్టు. ఇక్కడ పొరపాటు పడే చోటు ఒకటుంది. ఎముకకు సమంగా పెట్టిన ఇంప్లాంట్ చుట్టూ ఎముక కరిగిపోతే అదీ పైకి తేలినట్టే కనిపిస్తుంది, కానీ తేలిన భాగం మీద థ్రెడ్ల రంపపు పళ్లు ఉంటాయి. ఈ తేడాను ఆ సేవ తన సహాయ పుటలో ఒక్క బొమ్మతో చక్కగా చూపించింది, మెచ్చుకోవాలి.

రెండో ప్రశ్న, అంటే జోడింపు గురించినది, మొత్తం వ్యవహారానికి ఆయువుపట్టు. 1965లో స్వీడన్‌లో పెర్-ఇంగ్వర్ బ్రానెమార్క్ మొదటి రోగికి పెట్టిన నాటి నుంచి చాలాకాలం రాజ్యమేలింది ఇంప్లాంట్ తల మీద బయటకు పొడుచుకు వచ్చిన ఆరు పలకల దిమ్మె. దాని ఎత్తు కేవలం 0.7 మిల్లీమీటర్లు, ఎదురెదురు పలకల మధ్య దూరం 2.7 మిల్లీమీటర్లు. మొదట్లో దాన్ని పెట్టింది ఇంప్లాంట్‌ను ఎముకలోకి తిప్పి దించడానికే తప్ప, ఒంటి పన్ను క్యాప్ తిరిగిపోకుండా ఆపడానికి కాదు. ఆ బాధ్యత తరువాత దాని నెత్తిన పడింది. ఎక్స్‌రేలో అది అబట్‌మెంట్ అడుగున చిన్న బొడిపెలా ఉంటుంది, ఇంప్లాంట్‌కూ అబట్‌మెంట్‌కూ మధ్య గీత స్కేలు పెట్టి గీసినట్టు అడ్డంగా సాగుతుంది. 3.75 మిల్లీమీటర్ల ఒంటి మీద 4.1 మిల్లీమీటర్ల తల ఉండటం వల్ల పై అంచు కొద్దిగా టోపీలా బయటకు వస్తుంది. అలవాటైన కన్నుకు ఇది వెంటనే దొరుకుతుంది.

లోపలి జోడింపులు వచ్చాక పరిస్థితి చిక్కుపడింది. 1980లలో జెరాల్డ్ నిజ్నిక్ తెచ్చిన స్క్రూ-వెంట్‌లో హెక్స్, అంటే ఆ ఆరు పలకల ఆకారం, లోపలికి వెళ్లిపోయింది, దాని నోటి దగ్గర 45 డిగ్రీల ఏటవాలు అంచు ఉంటుంది. నోబెల్ రీప్లేస్‌లో హెక్స్‌కు బదులు మూడు రేకుల గాడి, క్యామ్‌లాగ్‌లో మూడు గాడులున్న గొట్టం. ఆస్ట్రా టెక్‌లో 11 డిగ్రీల గరాటు, 2007లో స్ట్రామన్ తెచ్చిన ఎముక సమపు ఇంప్లాంట్‌లో 15 డిగ్రీల గరాటు. ఇవన్నీ ఎక్స్‌రేలో "లోపలిది" అన్న ఒక్క మాట కిందకే వస్తాయి. గరాటైతే అబట్‌మెంట్ అంచులు కిందకు దగ్గరపడుతూ వి ఆకారంలో దిగుతాయి, హెక్స్ అయితే ఏటవాలు అంచు తరువాత పక్కలు నిలువుగా సాగుతాయి. మూడు రేకులదో ఆరు పలకలదో పక్క నుంచి తీసిన బొమ్మలో తేల్చడం దాదాపు అసాధ్యం. పై నుంచి చూస్తే తప్ప రేకుల సంఖ్య తెలియదు, ఎక్స్‌రే పై నుంచి చూడదు. అయినా ఈ సేవ రెండింటికీ వేర్వేరు గడులు పెట్టింది, వాడేవాళ్లు ఏదో ఒకటి నొక్కాల్సిందే. అనుభవం లేనివాళ్లు ఇక్కడే ఊహను వాస్తవంగా నమోదు చేస్తారు.

ఈ వరుసలో నాకు ముచ్చట గొలిపేది బైకాన్. దానికి స్క్రూయే లేదు. సన్నటి కోణంలో చెక్కిన కాడ గట్టిగా కొడితే రంధ్రంలో బిగుసుకుపోయే పద్ధతి, ఒంటి మీద థ్రెడ్లకు బదులు ఒకదాని కింద ఒకటి పళ్లేలు పేర్చినట్టు వలయాలు. మిగతా ఇంప్లాంట్ల మధ్యలో స్క్రూ ఛాయ నిలువుగా కనిపిస్తుంది, దీనిలో కనిపించదు. పైగా దీని వలయాలు ఏటవాలుగా ఉండవు, అడ్డంగా సమంగా ఉంటాయి. థ్రెడ్ అయితే కుడివైపు అంచు ఎడమవైపు అంచుకన్నా కొద్దిగా ఎగువనో దిగువనో ఉండాలి. ఈ ఒక్క సంగతి తెలియక, వదులైన బైకాన్ క్యాప్‌కు రంధ్రం తొలిచి లేని స్క్రూ కోసం వెతికిన సందర్భం నాకు తెలుసు. ఎవరిదని అడగకండి.

థ్రెడ్ల విషయంలో సేవ అడిగేది ఆకారం ఒక్కటే: వి ఆకారమా, చదరమా, ఒకవైపు వాలినదా అని. నా మటుకు ఆకారం కన్నా దూరం నమ్మదగ్గది. పాత బ్రానెమార్క్ ఇంప్లాంట్‌లో ఒక థ్రెడ్‌కూ మరో థ్రెడ్‌కూ మధ్య దూరం 0.6 మిల్లీమీటర్లు, స్ట్రామన్ పాత 4.1 మిల్లీమీటర్ల చిగురు సమపు ఇంప్లాంట్‌లో 1.25 మిల్లీమీటర్లు. ఎక్స్‌రేలో మిల్లీమీటర్లను నమ్మలేం, బొమ్మ ఎంతో కొంత పెద్దదై వస్తుంది. కానీ ఇంప్లాంట్ వెడల్పుకు సమానమైన ఎత్తులో ఎన్ని థ్రెడ్లు పడుతున్నాయో లెక్కపెడితే ఆ పెద్దదవడం రెండు వైపులా ఒకేలా ఉండి కొట్టుకుపోతుంది. బ్రానెమార్క్‌లో ఆరుకు కొంచెం పైన, స్ట్రామన్‌లో మూడుకు కొంచెం పైన. దీనికి కావలసింది ఒక కాగితం ముక్క: వెడల్పును దాని అంచు మీద పెన్సిలుతో గుర్తు పెట్టుకుని, కాగితాన్ని నిలువుగా తిప్పి పళ్లు లెక్కపెట్టడమే. నోట్లో పెట్టి తీసే చిన్న ఎక్స్‌రేకే ఇది పనికొస్తుంది. దవడ మొత్తం వచ్చే ఓపీజీలో అడ్డంగా ఒక మేర, నిలువుగా ఇంకో మేర సాగుతుంది కాబట్టి అక్కడ ఈ లెక్క చెల్లదు. ఇంత తేలికైన, ఇంత గట్టి కొలతను ఆ సేవ ఎక్కడా అడగకపోవడం నాకు ఆశ్చర్యం. మెడ దగ్గర సన్నటి థ్రెడ్లు, కిందకు పెద్ద థ్రెడ్లు ఉన్నాయా అన్న ప్రశ్న మాత్రం పెట్టారు, అది ఆస్ట్రా టెక్ వంటి వాటిని పట్టుకోవడానికి బాగా పనికొస్తుంది. యాంకిలోస్‌లో లాగా థ్రెడ్ల లోతు కిందకు పోయేకొద్దీ పెరగడాన్ని కూడా గుర్తిస్తుంది.

ఇక కొన. అసలు ఫిర్యాదు ఇక్కడే.

చాలా ఇంప్లాంట్లకు అడుగు భాగంలో ఒక పక్క నుంచి మరో పక్కకు పోయే రంధ్రం గానీ, నిలువు గాడులు గానీ ఉంటాయి, ఎముక అందులోకి పెరిగి పట్టు ఇస్తుందని. ఆ రంధ్రం ఎక్స్‌రేలో నల్లటి చుక్కగా కనిపించాలంటే కిరణం ఆ రంధ్రం గుండానే పోవాలి. ఇంప్లాంట్ తిరుగుతూ దిగి ఎక్కడో ఒక చోట ఆగుతుంది. రంధ్రం చెంప వైపుకు తిరిగి ఆగితే చుక్క చక్కగా పడుతుంది, పక్క పళ్ల వైపుకు తిరిగి ఆగితే ఏమీ పడదు. కాబట్టి చుక్క కనిపిస్తే అది సాక్ష్యం, కనిపించకపోతే ఏమీ తేలనట్టే. ఈ తేడా ఆ సేవకు తెలియదు. "రంధ్రం ఉందా" అన్న ప్రశ్నకు ఉంది, లేదు అన్న రెండే గడులు. "లేదు" నొక్కిన క్షణంలో రంధ్రమున్న ఇంప్లాంట్లన్నీ జాబితా నుంచి మాయమవుతాయి, వాటిలో మనకు కావలసినదీ ఉండవచ్చు. దీనికి ఎదురు పొరపాటు కూడా జరుగుతుంది: రెండు వైపులా ఉన్న నిలువు గాడులు ఒకదాని వెనుక ఒకటి వరుసలోకి వస్తే అక్కడ లోహం పలచబడి, రంధ్రమేమో అనిపించే మసక మచ్చ పడుతుంది.

పెద్దావిడ విషయంలో నాకు ఎదురైంది ఈ రెండోదే. ఎముక సమపు మెడ, లోపలి హెక్స్, ఏటవాలు అంచు, కిందకు సన్నబడిన ఒళ్లు అని నొక్కుతూ వచ్చాక పదకొండు మిగిలాయి. కొన దగ్గర నల్లటి మచ్చ ఉంది, రంధ్రం "ఉంది" అని నొక్కాను. రెండు మిగిలాయి, అందులో ఒకదాని నమూనా ఎక్స్‌రే మా ఎక్స్‌రేకు అచ్చు గుద్దినట్టు ఉంది. క్యాప్ మీద రంధ్రం తొలిచి చూస్తే స్క్రూ తలలో ఆరు పలకల గుంట, 1.25 మిల్లీమీటర్ల డ్రైవర్ పట్టింది, పాత స్క్రూ బయటకు వచ్చింది. దాని చివరి థ్రెడ్లు అరిగి మెరుస్తున్నాయి, అదే మళ్లీ బిగించడం మంచిది కాదు. జాబితాలో చెప్పిన కంపెనీ స్క్రూ తెప్పించి చేత్తో తిప్పాను. ఒక చుట్టు సాఫీగా దిగింది, రెండో చుట్టు సగంలో బిగుసుకుంది. బిగుసుకున్న స్క్రూను బలవంతంగా తిప్పితే లోపలి థ్రెడ్లు పాడవుతాయి, అప్పుడు ఎముకలో ఎంత గట్టిగా ఉన్నా ఆ ఇంప్లాంట్ ఎందుకూ పనికిరాదు. అక్కడే ఆపి వెనక్కు తీశాను.

తీసిన పాత స్క్రూను కొత్తదాని పక్కన పెట్టి భూతద్దంలో చూడటం నేను ముందే చేయవలసిన పని. ఆ తప్పు సేవది కాదు, నాది. చూస్తే పాతది వెంట్రుకవాసి సన్నం. లోపలి హెక్స్ పేటెంట్ల గడువు తీరాక ఆ ఆకారాన్ని ఎన్నో కంపెనీలు తీసుకున్నాయి. హెక్స్ కొలత ఒకటే, ఏటవాలు అంచు ఒకటే, అబట్‌మెంట్ కూడా చక్కగా కూర్చుంటుంది. కానీ ఒకరి స్క్రూ అంగుళాల ప్రమాణంలో, అంటే అంగుళానికి 72 థ్రెడ్లతో ఉంటుంది, మరొకరిది మెట్రిక్ ప్రమాణంలో ఉంటుంది. ఎక్స్‌రేలో ఈ తేడాను పట్టే కన్ను లేదు. కొరియాలో తయారయ్యే పలు ఇంప్లాంట్లు 11 డిగ్రీల గరాటు, దాని అడుగున హెక్స్ అన్న ఒకే అచ్చులో ఉండటం వల్ల అక్కడా ఇదే చిక్కు. సేవ ఇచ్చే జవాబు కింద "ఈ ఆకారంలోనే ఫలానా ఫలానావి కూడా ఉన్నాయి, స్క్రూ వేరు" అని ఒక్క వాక్యం ఉంటే నాకు ఆ గండం ఉండేది కాదు.

ఎక్స్‌రే గొట్టాన్ని అడ్డంగా పది పదిహేను డిగ్రీలు జరిపి రెండో బొమ్మ తీశాను. మొదటి దానిలో రంధ్రం అనుకున్న మచ్చ పక్కకు సాగి, నిలువు గాడిగా తేలింది. సేవలో మళ్లీ మొదటి నుంచి జవాబులిచ్చి, ఈసారి రంధ్రం "లేదు", గాడి "ఉంది" అని నొక్కితే నాలుగు వచ్చాయి. వాటిలో మెట్రిక్ స్క్రూ వాడేవి రెండు. ఇద్దరు పంపిణీదారులను అడిగి స్క్రూలు తెప్పించి, పాతదాని పక్కన పెట్టి సరిచూసి, సరిపోయిన దాన్ని చేత్తో తిప్పితే నూనె రాసినట్టు చివరిదాకా దిగింది. అబట్‌మెంట్ పూర్తిగా కూర్చుందో లేదో ఇంకో ఎక్స్‌రేలో చూసి, సందు లేదని నిర్ధారించుకుని, ఆ తరువాతే నిర్ణీత బలంతో బిగించే టార్క్ రెంచ్ పట్టుకున్నాను.

బొమ్మ నాణ్యత గురించి సేవ తగినంత హెచ్చరించదు. ఇంప్లాంట్‌కు ఫిల్ము సమాంతరంగా, కిరణం లంబంగా ఉంటేనే థ్రెడ్లు రెండు వైపులా పదునుగా వస్తాయి. సుమారు 10 డిగ్రీలకు మించి పైకో కిందకో వాలితే థ్రెడ్లు ఒకదాని మీద ఒకటి పడి అలుక్కుపోతాయి. ఒకవైపు థ్రెడ్లు స్పష్టంగా, రెండో వైపు మసకగా కనిపిస్తే గొట్టం పైకో కిందకో వాలిందని అర్థం. అప్పుడు ఆ బొమ్మతో ప్రశ్నలకు జవాబు ఇవ్వడం మొదలుపెట్టకూడదు, సరిచేసి మళ్లీ తీయాలి. సీబీసీటీ (దవడను మూడు కొలతల్లో చూపే స్కాన్) ఉంటే సరిపోతుందని కొందరు అనుకుంటారు గానీ, లోహం చుట్టూ వచ్చే తెల్లటి చారల వల్ల దానిలో ఇంప్లాంట్ అంచులు ఉబ్బి, థ్రెడ్ల ఆకారం చిన్న ఎక్స్‌రేలో కన్నా అధ్వానంగా కనిపిస్తుంది. ఎముక ఎంత ఉందో చూడటానికి అది మేలు, పేరు కనుక్కోవడానికి కాదు.

పోల్చి చూద్దామని, ఎక్స్‌రేను ఎక్కించగానే కృత్రిమ మేధతో పేరు చెప్పే మరో సేవను కూడా కొన్ని నెలలు వాడాను. వేగం విషయంలో దానికి పోటీ లేదు, ప్రశ్నలు అడగదు, క్షణాల్లో పేరు, దాని పక్కన నమ్మకం శాతం చూపిస్తుంది. ప్రసిద్ధ కంపెనీల ఇంప్లాంట్లు, శుభ్రమైన బొమ్మలు ఇచ్చినప్పుడు చాలాసార్లు సరిగ్గానే చెప్పింది. కానీ అంతగా పేరు లేని ఒక కంపెనీ ఇంప్లాంట్‌ను నేనే పెట్టి, దాని స్టిక్కరు నా దగ్గర ఉండగా పరీక్షకు ఇస్తే, వేరే కంపెనీ పేరు తొంభై పైచిలుకు శాతం నమ్మకంతో చెప్పింది. అదే బొమ్మను పక్క పన్ను రాకుండా కత్తిరించి ఇస్తే ఇంకో పేరు వచ్చింది. తనకు నేర్పిన పేర్లలోంచే ఒకటి ఎంచుకోవడం తప్ప, ఇది నేను చూడనిది అని చెప్పడం దానికి చేతకాదు. ఏ లక్షణం చూసి ఆ పేరు చెప్పిందో కూడా చెప్పదు, అందుకని దాని తప్పును మనం పట్టుకునే దారి లేదు. ప్రశ్నలడిగే సేవలో నా తప్పు ఏ గడి దగ్గర జరిగిందో వెనక్కు వెళ్లి చూసుకోగలిగాను. ఈ ఒక్క కారణం చేత, నిదానమైనా మొదటి సేవనే కొనసాగిస్తున్నాను.

పాతకాలపు ఇంప్లాంట్ల విషయంలో సేవ సేకరణ పరవాలేదు. 1960ల చివర లియొనార్డ్ లింకో ప్రచారంలోకి తెచ్చిన బ్లేడు ఇంప్లాంట్లు, 1982 నాటి కోర్-వెంట్ బుట్ట, థ్రెడ్లు లేని ఐఎంజెడ్ స్తంభాలు, స్ట్రామన్ తొలినాటి బోలు గొట్టాలు ఉన్నాయి. వాటికి విడిభాగాలు దొరకడం వేరే సంగతి, కనీసం ఇదీ అని తెలిస్తే తీసేయాలా, ఉంచాలా అన్న మాట రోగితో సూటిగా మాట్లాడవచ్చు. కొత్తవి చేరడం మాత్రం ఆలస్యం. గత నాలుగైదేళ్లలో వచ్చిన వాటిని వెతికితే చాలాసార్లు వట్టి పేరే ఉంటుంది, నమూనా బొమ్మ ఉండదు.

ఇంకో లోపం చిన్నదిగా కనిపిస్తుంది గానీ రోజువారీ పనిలో బాగా తగులుతుంది. పేరు చెప్పిన తరువాత డ్రైవర్ ఏదో చెప్పదు. కుర్చీలో రోగి నోరు తెరుచుకుని ఉన్నప్పుడు నాకు ముందు కావలసింది అదే. ఆరు పలకల డ్రైవర్లలోనే 1.2, 1.25, 1.27 మిల్లీమీటర్లవి ఉన్నాయి; వీటి మధ్య తేడా కంటికి ఆనదు, కానీ చిన్నదాన్ని పెద్ద గుంటలో పెట్టి గట్టిగా తిప్పితే పలకల మూలలు గుండ్రబడిపోతాయి, ఆ తరువాత ఏ డ్రైవరూ పట్టదు. స్ట్రామన్ స్క్రూలకు నక్షత్రం లాంటి గుంట, మరికొన్నింటికి చదరపు గుంట, పాతవాటికి ఒట్టి గీత. స్క్రూ తల ఆకారం గుర్తింపులో కూడా పెద్ద ఆధారం: పదకొండు మిగిలిన చోట, తల నక్షత్రమని తెలిస్తే ఒక్కసారిగా ఒకటో రెండో మిగులుతాయి. క్యాప్ తెరిచాక కనిపించే వాటిని కూడా, అంటే స్క్రూ తల, ఇంప్లాంట్ నోటి ఆకారం, కొన్ని కంపెనీలు వేసే రంగు, వీటిని అడిగే రెండో విడత ప్రశ్నలు ఈ సేవలో లేవు. ఎక్స్‌రే దగ్గరే ఆగిపోతుంది.

ఎవరికి పనికొస్తుందంటే, ఇంప్లాంట్ల పని చేస్తూ వేరేవాళ్లు పెట్టినవి తరచూ చూడవలసి వచ్చే దంతవైద్యులకు, ఆ విద్య నేర్చుకుంటున్న విద్యార్థులకు తప్పక పనికొస్తుంది. విద్యార్థులకైతే పేరు కనుక్కోవడానికి కన్నా, చూడటం ఎలాగో నేర్చుకోవడానికి. తమ ఎక్స్‌రే తామే పెట్టి చూసుకుందామనుకునే రోగులకు నేను చెప్పను, వారికి దాని కన్నా ఉపయోగపడే పని పెట్టిన రోజునే పెట్టె మీది స్టిక్కరు అడిగి తీసుకోవడం. దాదాపు ప్రతి ఇంప్లాంట్ పెట్టెలోనూ పీకి అతికించుకునే స్టిక్కర్లు ఉంటాయి, వాటి మీద కంపెనీ పేరు, రకం, కొలత, బ్యాచ్ నంబరు అచ్చయి ఉంటాయి. పెద్దావిడకు పని అయ్యాక ఒక కార్డు మీద కంపెనీ పేరు, స్క్రూ రకం, డ్రైవర్ కొలత రాసి ఇచ్చాను. "ఇంత చిన్న మేకుకు ఇంత పేరా" అని కళ్లజోడు సవరించుకుని చదువుకున్నారు.

రెండు ఎక్స్‌రేలనూ, మచ్చ రంధ్రంలా కనిపించినదీ గాడిగా తేలినదీ, రోగి వివరాలు తీసేసి ఆ సేవవాళ్లకు పంపాను. రంధ్రం ప్రశ్నకు మూడో గడిగా "చెప్పలేను" అన్నది చేర్చమని, అది నొక్కితే జాబితాలోంచి ఏదీ తీసేయవద్దని కూడా రాశాను. ఆరు వారాల తరువాత చూస్తే రెండు బొమ్మలూ ఆ ఇంప్లాంట్ పుటలోకి చేరాయి, కింద గాడి గురించి హెచ్చరిక కూడా రాశారు. మూడో గడి ఇంకా రాలేదు.